శీతకాలంలో మన్యపు పొయ్యి దగ్గర భోజనం – ఎక్కడ? ఎలా? ఎంత?

మార్గశిర మాసం ప్రవేశించగానే విశాఖ మన్యం వైపు కుటుంబ సమేతంగా ప్రయాణాలు మొదలవుతాయి. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయ, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి, వాటి నడుమనున్న పాడేరు, చింతపల్లి ప్రాంతాలు ఈ రోజులలో మంచు తెరల మాటున ఉంటాయి. అక్కడికి వెళ్ళి వచ్చిన వారిని అడిగి చూడండి. కొండలూ జలపాతాలూ చెప్పిన తరువాత తప్పక చెప్పేది, ఆకుల పందిరి క్రింద పొయ్యి పక్కన కూర్చుని తిన్న వేడి వేడి భోజనాన్ని గురించే.

అయితే తిరిగి వచ్చిన రెండు రోజులలో ఇంట్లో ఒకరికి అజీర్ణం, మరొకరికి విరేచనాలు, పిల్లలకు జలుబు, పెద్దలకు ఆయాసం పట్టుకొనడమూ తరచుగా చూస్తున్నదే. “బయటి తిండి తిన్నాము గనుక ఇట్లా జరిగింది” అని సరిపెట్టుకుంటారు. ఈ అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించను. నిజానికి సంవత్సరంలో బయటి భోజనాన్ని శరీరం బాగా సహించే కాలం ఇదే. దోషం బయట తినడంలో లేదు. ఎటువంటి చోట కూర్చున్నాము, ఎప్పుడు వండినది తిన్నాము, ఏ వేళకు ఎంత తిన్నాము అన్న విషయాలలోనే ఉన్నది. గృహిణులకూ, కుటుంబంతో ప్రయాణం తలపెట్టిన వారికీ ఉపయోగపడునట్లు ఈ విషయాన్ని వివరిస్తాను.

హేమంత శిశిరాలలో జఠరాగ్ని

మార్గశిర, పుష్య మాసాలు హేమంత ఋతువు. మాఘ, ఫాల్గుణాలు శిశిర ఋతువు. చరక సంహిత సూత్రస్థానం ఆరవ అధ్యాయంలో ఋతుచర్య వర్ణింపబడినది. బయటి చలిగాలి తాకిడికి శరీరపు వేడిమి బయటకు పోక లోపలనే నిలిచి, బలవంతులైన వారిలో జఠరాగ్ని ప్రబలమవుతుందని అక్కడ చెప్పబడినది. అగ్ని ప్రబలమైనపుడు దానికి తగిన ఇంధనం పడవలెను. పడకపోతే అది శరీరంలోని రసాదులనే దహిస్తుంది. తత్ఫలితంగా వాతం ప్రకోపిస్తుంది. చర్మం పగలడం, కీళ్ళ నొప్పులు, మలబద్ధం ఈ కాలంలో అధికం కావడానికి ఇది కారణమని మన పూర్వుల భావన.

కనుక ఈ ఋతువులో మధుర, ఆమ్ల, లవణ రసాలు గల, స్నిగ్ధమైన, కాస్త గురువైన ఆహారం హితకరం. పాలు, నెయ్యి, బెల్లం, నువ్వులు, మినుములు, గోధుమలు, మాంసరసం, కొత్త బియ్యపు అన్నం, వేడినీరు ఇందులోకి వస్తాయి. మిగిలిన కాలాలలో కొత్త బియ్యం అరగవని వద్దంటాము. ఈ కాలంలో మాత్రం శాస్త్రమే వాటిని అనుమతించినది. సంక్రాంతికి కొత్త బియ్యంతో పొంగలి వండుకొనే మన ఆచారానికీ దీనికీ ఉన్న పొత్తు గమనించదగినది.

అదే విధంగా తగ్గించవలసినవి కూడ చెప్పబడినవి. ఎదురు గాలికి గురి కావడం, చాలీ చాలని భోజనం, పొడి పదార్థాలు, చల్లని నీటిలో పిండి కలిపి త్రాగడం ఈ ఋతువులో పనికిరావు. పగలంతా బిస్కట్లు, చిప్స్ పొట్లాలతో గడిపి రాత్రి పది గంటలకు ఒక్కసారిగా భుజించే యాత్రికులు ఈ నిషేధాలను ఒక్కటి కూడ విడువకుండా ఉల్లంఘిస్తున్నారన్న మాట!

‘ఇష్టదేశం’ అంటే ఏమి?

చరకుడు విమానస్థానం మొదటి అధ్యాయంలో భోజన విధిని చెబుతూ, ఆహారం వేడిగా ఉండవలెననీ, స్నిగ్ధంగా ఉండవలెననీ, మాత్ర మీరకూడదనీ, ముందు తిన్నది జీర్ణమైన తరువాతనే తినవలెననీ చెప్పి, ఇష్టమైన ప్రదేశంలో కూర్చుని తినవలెనని కూడ విధించినాడు. మనస్సుకు కష్టం కలిగించే చోట భోజనం చేస్తే ఆ మనోవికారం జీర్ణక్రియను చెరుపుతుందని దీని భావం. అందుచేత హాయిగా ఉన్న చోటును వెదకి కూర్చోవడం విలాసం కాదు, భోజన విధిలో ఒక భాగం.

శీతకాలపు కొండ ప్రాంతంలో ఇష్టదేశానికి నేను నాలుగు లక్షణాలు చూస్తాను.

మొదటిది, కంటికి కనబడే పొయ్యి. వంట ఎదుట జరుగుతూ, పొయ్యి మీది నుండి తిన్నగా ఆకులోకి వచ్చే చోటు పెద్ద హోటలు కంటె మేలు. వండిన పదార్థం పొగలు క్రక్కే వేడిలో ఉన్నంత సేపు సూక్ష్మజీవులు వృద్ధి చెందలేవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్నదే ప్రమాదకరం. చలికాలం గదా, పాడవదులే అని మధ్యాహ్నపు కూర రాత్రి వడ్డించే చోట్లు ఉంటాయి. రెండు గంటలకు మించి బయట ఉన్న మాంసాహారం ముట్టకపోవడం ఉత్తమం.

రెండవది, వీపుకు గాలి తగలని ఆసనం. తడిక గాని, గోడ గాని, టార్పాలిన్ పరదా గాని వెనుక ఉండవలెను. చెమట పట్టిన ఒంటితో కొండ దిగి వచ్చి గాలికి ఎదురుగా కూర్చుని తినడం వాత ప్రకృతి వారికి తగదు.

మూడవది, పగటి వెలుతురు. మన్యంలో చలికాలం ఎండ త్వరగా వాలుతుంది. మధ్యాహ్నం పన్నెండు, రెండు గంటల మధ్య ఎండ పొడలో ప్రధాన భోజనం ముగించి, రాత్రికి తేలికగా తినడం మంచిది. ఘాట్ రోడ్డు మీద చీకటి ప్రయాణమూ తప్పుతుంది.

నాలుగవది, మరిగిన నీరు. కొండవాగు నీరు తేటగా ఉన్నంత మాత్రాన శుద్ధమైనది కాదు. చాలా చోట్ల అడిగితే వేడినీరు ఇస్తారు. అడగడానికి మొహమాట పడకూడదు.

ఈ నాలుగూ ఉన్నట్లయితే అది తాటాకు పాక అయినా ఇష్టదేశమే. ఇవి లేనప్పుడు అద్దాల మేడ అయినా కాదు.

మైదానం దాటుతూ

మన్యానికి పోయే దారిలోనే ఋతువుకు తగిన ఆహారం ఎదురవుతుంది. అనకాపల్లి బెల్లానికి పేరుపడిన ఊరు. చలికాలంలో చెరకు గానుగాడి కొత్త బెల్లం వస్తుంది. చెరకు రసం నుండి తయారయ్యే పదార్థాలు హేమంతానికి హితమని శాస్త్రం చెప్పినది. ఒక చిన్న ముక్క బెల్లం, గుప్పెడు వేయించిన నువ్వులు లేక వేరుశనగలు ప్రయాణంలో బిస్కట్ల కంటె ఎంతో మేలు.

చోడవరం మీదుగా పాడేరు పోయే వారికి మాడుగుల తగులుతుంది. అక్కడి హల్వా గోధుమ పాలతో, నేతితో చేస్తారు. ఇది గురువు, స్నిగ్ధం, బలకరం. హేమంతంలో జీర్ణశక్తి ఉన్న వారికి చిన్న ముక్క తగినదే. ఒక పెట్టె కొని కారులో కూర్చుని పూర్తి చేయడం మాత్రం ఏ ఋతువులోనూ తగినది కాదు.

ఈ కాలంలోనే తీరాంధ్ర దారుల పక్కన తేగలు కాల్చి అమ్ముతారు. పీచు పదార్థం అధికంగా ఉండుట వలన మలబద్ధం ఉన్న వారికి మంచివి. బాగా నమిలి తినవలెను. లేనిచో కడుపు ఉబ్బరిస్తుంది.

బొంగులో చికెన్

అరకు, బొర్రా, అనంతగిరి దారులలో ప్రసిద్ధమైనది బొంగులో చికెన్. కోడి మాంసానికి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద త్రిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు, లేదా నామమాత్రంగా వేస్తారు. పచ్చి వెదురులోని తేమ ఆవిరిగా మారి, లోపలి మాంసం తన రసంలో తానే ఉడుకుతుంది. మాంసపు కొవ్వు, మసాలాల ఘాటు, వేడి మూడూ కలిసిన ఈ వంటకం ఋతుచర్యకు అనుకూలమైనది. కోడి మాంసం ఉష్ణ వీర్యం, స్నిగ్ధం, బృంహణం అని ఆయుర్వేదం చెబుతుంది.

ఇక్కడ గమనించవలసినవి మూడు. బొంగు పచ్చిదై, అప్పుడే కోసినదై ఉండవలెను. ఒకసారి కాల్చినది మరల వాడకూడదు. లోపలి మాంసం పూర్తిగా ఉడకవలెను. బొంగు చీల్చగానే ఒక పెద్ద ముక్కను ఎముక దాక విరచి చూడండి. గులాబి రంగు గాని, ఎర్రని రసం గాని కనబడితే మొహమాటం లేకుండా మళ్ళీ నిప్పుల మీద పెట్టమని అడగవలెను. సగం ఉడికిన కోడి మాంసం వాంతి, విరేచనాలకు ముఖ్య కారణం. ఇక మూడవది ఓపిక. బొంగు కాలడానికి ముప్పావు గంట నుండి గంట పట్టవచ్చును. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారని వంటవానిని తొందర పెట్టితే నష్టపోయేది మనమే. ముందుగా చెప్పి, ఆ వ్యవధిలో చుట్టుప్రక్కల చూసి రావచ్చును.

పప్పు, అన్నం కూడ కొండ మీద కాస్త ఆలస్యంగా ఉడుకుతాయి. వెయ్యి మీటర్ల ఎత్తున నీరు 100 డిగ్రీలకు బదులు సుమారు 97 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరగడం దీనికి కారణం. కుక్కర్ లేని పాకలో వంట ఆలస్యమైతే అది వండేవారి అలసత్వం కాదు. ఆ పొయ్యి వారి జీవనాధారమన్న సంగతి కూడ మరువరాదు. నగరంలో రెట్టింపు ధర మారు మాట లేక చెల్లించి, ఇక్కడ పది రూపాయలకు బేరమాడడం మర్యాద కాదు.

శాకాహారులకు

మాంసం తినని వారు నిరుత్సాహ పడనక్కరలేదు. మన్యంలో చోళ్ళు, సామలు, కందులు, రాజ్మా పండుతాయి. ముందుగా చెబితే చోడి అంబలి, సామ అన్నం, పప్పు, కూర వండి పెట్టే వారు ఉంటారు. రాగులనే ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు. వీటిలో కాల్షియం సమృద్ధిగా ఉన్నది. అయితే అంబలిని వేసవిలో వలె చల్లగా త్రాగరాదు. చలికాలంలో చల్లని పిండి పానీయాలు వద్దన్న శాస్త్ర వచనం ఇక్కడ వర్తిస్తుంది. పొయ్యి మీద మరల వెచ్చబెట్టించి, చిటికెడు మిరియాల పొడి, ఉప్పు కలిపి త్రాగవలెను.

పెరుగును గురించి తరచు అడుగుతుంటారు. శరత్తు, వసంతం, గ్రీష్మాలలో పెరుగు అంత మంచిది కాదన్న చరకుడు ఆ పట్టికలో హేమంతాన్ని చేర్చలేదు. కనుక మధ్యాహ్న భోజనంలో పుచ్చుకొనవచ్చును. రాత్రి వేళ మాత్రం వర్జించవలెను.

మిరపకాయ బజ్జీలు చలిలో మనస్సును లాగుతాయి. ముందు బాణలిలోకి చూడండి. నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కడుతుంటే అది పలుమార్లు కాగినదని గుర్తు. అక్కడ టీ మాత్రం పుచ్చుకొని రావడం మంచిది.

కాఫీ సంగతి

అనంతగిరి, అరకు, చింతపల్లి కొండలలో నీడ చెట్ల క్రింద కాఫీ తోటలు, ఆ చెట్లకు అల్లుకొన్న మిరియపు తీగలు కనిపిస్తాయి. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించినది. తోటల పక్కన చిన్న దుకాణంలో వెచ్చని కాఫీ కప్పు చేతుల మధ్య పట్టుకొని కూర్చోవడం నిజంగా ఆనందకరం. ప్రాచీన గ్రంథాలలో కాఫీ ప్రసక్తి లేదు. దాని చేదు, వగరు, రూక్ష గుణాలను బట్టి వాతాన్ని పెంచే స్వభావం ఉన్నదని నేను భావిస్తాను. కనుక పాలతో పుచ్చుకొనడం, రోజుకు రెండు కప్పులకు మించకపోవడం మంచిది. ఆమ్లపిత్తం ఉన్న వారు పరగడుపున త్రాగరాదు. రక్తహీనత ఉన్న స్త్రీలు భోజనానికీ కాఫీకీ నడుమ ఒక గంట వ్యవధి ఉంచవలెను. ఆహారంలోని ఇనుము ఒంటబట్టకుండా కాఫీ అడ్డుపడుతుంది.

లంబసింగి తెల్లవారుజాము

లంబసింగిని స్థానికులు కొర్రబయలు అని కూడ అంటారు. బయట ఉన్న వాడు చలికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. మంచు చూడడానికి నర్సీపట్నం నుండి అర్ధరాత్రి దాటగానే బయలుదేరి, తెల్లవారక ముందే చేరుకుంటారు. దారి పక్క నెగళ్ళు, టీ దుకాణాలు అప్పటికే వెలిగి ఉంటాయి.

ఇక్కడ జాగ్రత్త మరింత అవసరం. ఖాళీ కడుపుతో, నిద్ర లేక, తీవ్రమైన చలిలోకి దిగితే రక్తనాళాలు సంకోచించి రక్తపోటు పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్న వారికి తెల్లవారుజాము చలి ప్రమాదకరమని వైద్యులందరూ అంగీకరిస్తారు. అటువంటి పెద్దలు ఎండ వచ్చిన తరువాత బయటకు రావడమే క్షేమం. మిగిలిన వారు బయలుదేరే ముందు గ్లాసెడు వేడి పాలు గాని, రెండు ఇడ్లీలు గాని పుచ్చుకొనవలెను. ఉబ్బసం ఉన్న వారు నెగడుకు దూరంగా, పొగ రాని దిక్కున కూర్చోవలెను. మంచు, పొగ రెండూ కలిసి ఊపిరి బిగబడుతుంది.

చలికి మందు అని చెప్పి సారా, కల్లు, ఇతర మద్యాలు పుచ్చుకొనే వారున్నారు. మద్యం చర్మం లోని రక్తనాళాలను వెడల్పు చేయడం వలన వెచ్చదనం తోస్తుంది. వాస్తవానికి ఒంటి లోపలి వేడిమి ఆ దారినే బయటకు పోతుంది. ఘాట్ రోడ్డు మీద వాహనం నడిపే వారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

కుంపటి – ప్రాణాపాయ హెచ్చరిక

ఈ వ్యాసంలో మిగిలినవి మరచినా ఈ భాగం మరువరాదని కోరుతున్నాను. హేమంతంలో నిప్పులతో వెచ్చబరచిన లోపలి గదులలో నివసించమని వాగ్భటుడు అష్టాంగ హృదయంలో చెప్పినాడు. ఆనాటి ఇండ్లలో కప్పు సందుల గుండా గాలి ఆడేది. నేటి సిమెంటు గదులకు, అద్దపు కిటికీలకు, జిప్పు బిగించే గుడారాలకు ఆ వీలు లేదు. భోజనం ముగిసిన తరువాత మిగిలిన బొగ్గుల కుంపటిని గదిలోకి గాని, గుడారంలోకి గాని తెచ్చుకొని తలుపులు బిగించి పడుకుంటే, ఆ బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగ రావడం లేదు గదా అని భ్రమపడరాదు.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మగత దీని తొలి గుర్తులు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఈ లక్షణాలు కనబడితే అజీర్ణమని భావించక, వెంటనే అందరినీ బయటి గాలిలోకి తీసుకువచ్చి ఆసుపత్రికి చేర్చవలెను. నెగడు బయటనే ఉండవలెను. గదిలో వెచ్చదనానికి దుప్పట్లు, ఉన్ని వస్త్రాలు, వేడినీటి సంచి చాలును.

ఎంత తినవలెను?

అగ్ని బలంగా ఉన్నదని మాత్ర మీరరాదు. పొట్టను నాలుగు భాగాలుగా భావించి, రెండు భాగాలు ఘనాహారంతో, ఒక భాగం ద్రవంతో నింపి, నాలుగవ భాగం వాయు సంచారానికి విడువవలెనని వాగ్భటుని ఉపదేశం. మధుమేహులు హల్వా, బెల్లం జోలికి పోరాదు. ఇన్సులిన్ తీసుకొనే వారు, తరువాతి హోటలు ఎంత దూరమో తెలియని ఘాట్ దారిలో, భోజనం ఎదుటికి వచ్చిన తరువాతనే వైద్యుడు చెప్పిన మోతాదు పుచ్చుకొనడం క్షేమం. రక్తపోటు మాత్రలను ప్రయాణం పేరిట మానరాదు.

ప్రయాణపు సంచిలో ఉండవలసినవి

1. అల్లం, సైంధవ లవణం: భోజనానికి ముందు చిన్న అల్లం ముక్కను రెండు పలుకుల సైంధవ లవణంతో నమిలితే ఆకలి పుడుతుంది. ఘాట్ మలుపులలో కలిగే వికారానికి ఉప్పు లేకుండా అల్లం ముక్క బుగ్గన పెట్టుకొనవచ్చును.

2. వాము: బరువైన భోజనం తరువాత ఉబ్బరం కలిగితే పావు చెంచా వాము నమిలి వేడినీరు త్రాగవలెను.

3. సొంఠి, ధనియాల కషాయం: అర చెంచా సొంఠి పొడి, ఒక చెంచా ధనియాలు రెండు గ్లాసుల నీటిలో వేసి ఒక గ్లాసు మిగులునట్లు కాచి, వడగట్టి, కొద్దిగా బెల్లం కలిపి ఫ్లాస్కులో పోసుకొనవలెను. జలుబు, ఒళ్ళు నొప్పులకు మంచిది. మధుమేహులు బెల్లం మానవలెను.

4. నువ్వుల నూనె: రాత్రి పాదాలకు, కీళ్ళకు గోరువెచ్చగా మర్దన చేసుకొంటే చలి వలన వచ్చే పీకులు తగ్గుతాయి.

5. తేనె: మన్యంలో మంచి తేనె దొరుకుతుంది. దానిని వేడి చేయరాదు, మరిగే పానీయాలలో కలపరాదు. ఏడాది నిండని శిశువులకు బొత్తిగా నాకించరాదు.

6. ఉప్పు, గ్లూకోజు కలిపిన ఓ.ఆర్.ఎస్. పొట్లాలు: విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రి దూరమైన చోట ఇవే ఆదుకుంటాయి.

కడుపులో పుండ్లు ఉన్న వారు, గర్భిణులు సొంఠి, వాము వంటి ఘాటైన ద్రవ్యాలను వైద్య సలహా లేక అధికంగా వాడరాదు.

ఏడాది పొడవునా ఇంటి వంట తినే కుటుంబం నాలుగు రోజులు కొండ గాలిలో, పరాయి పొయ్యి దగ్గర కలిసి కూర్చుని తినడం ఆరోగ్యానికి విరుద్ధం కాదు. హేమంతం జఠరాగ్నికి బలాన్ని ఇచ్చినది. కంటి ఎదుట వండిన వేడి ఆహారం, గాలి తగలని చోటు, పగటి భోజనం, మరిగిన నీరు, మితం – ఈ ఐదింటినీ పాటించి, కుంపటిని గది బయటనే ఉంచినట్లయితే, మన్యపు ప్రయాణం మందుల అవసరం లేకుండానే ముగుస్తుంది. పాఠకులందరికీ ఈ శీతకాలం ఆరోగ్యదాయకం కావలెనని ఆకాంక్షిస్తున్నాను.